థైరోగ్లోబ్యులిన్ రిపోర్టును ఎలా చూడాలి

చిరంజీవి అమ్మాయికి ఆశీర్వదించి వ్రాయునది.

థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ తరువాత వచ్చిన మొదటి థైరోగ్లోబ్యులిన్ రిపోర్టులోని అంకె నీకు నిద్ర లేకుండా చేస్తున్నదని రాశావు. ఇదే జబ్బుకు ఏళ్ల తరబడి రక్తపరీక్షలు చేయించుకుంటున్నదానిగా చెబుతున్నాను, ఆ ఒక్క అంకెను పట్టుకుని ఏ నిర్ణయానికీ రావద్దు. అదే రక్తంలో చూసిన టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్), యాంటీ థైరోగ్లోబ్యులిన్ యాంటీబాడీల (థైరోగ్లోబ్యులిన్‌కు అంటుకునేలా ఒంట్లో తయారయ్యే ప్రోటీన్ల) ఫలితాలు పక్కన లేకపోతే నీకు సగం రిపోర్టే అందినట్టు లెక్క.

థైరోగ్లోబ్యులిన్ అనే ప్రోటీన్‌ను మామూలు థైరాయిడ్ కణాలూ తయారుచేస్తాయి, పాపిల్లరీ, ఫాలిక్యులర్ రకాల క్యాన్సర్ కణాలూ తయారుచేస్తాయి. అందుకే గ్రంథి మొత్తం తీసివేసి రేడియో అయోడిన్ (మిగిలిన థైరాయిడ్ కణాలను చంపే మందు) కూడా ఇచ్చినవారిలో, థైరాయిడ్ హార్మోన్ మాత్రలు వేసుకుంటుండగా, అది మిల్లీలీటరుకు 0.2 నానోగ్రాముల కంటే తక్కువకు దిగాలని వైద్యులు ఆశిస్తారు. సగం గ్రంథి మిగిలినవారికి ఈ హద్దు వర్తించదు. పాత నిల్వ రక్తంలోనుంచి పోవడానికి కొన్ని వారాలు పడుతుంది కనుక తొందరపడి చేయించిన పరీక్షకు విలువ తక్కువ. మాత్రలు ఆపితే టీఎస్‌హెచ్, దానితోపాటు థైరోగ్లోబ్యులిన్ కూడా పెరుగుతాయి కాబట్టి, మాత్రలు ఆపిన రోజుల అంకెను, వేసుకుంటున్న రోజుల అంకెను ఒకే వరుసలో పెట్టి పోల్చకూడదు.

యాంటీబాడీల సంగతి మరింత చిక్కైనది. అవి ఉన్నవారిలో, ఎక్కువ ల్యాబులు వాడే పద్ధతి థైరోగ్లోబ్యులిన్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపగలదు. దాదాపు సున్నా వచ్చినా దాన్ని నమ్మడానికి లేదు. అప్పుడు వైద్యులు యాంటీబాడీల నడకనే గమనిస్తారు. అవి ఏళ్ల మీద తగ్గుతూ పోతే మంచిదే. కొత్తగా కనిపించినా, పెరుగుతూ వచ్చినా మెడకు అల్ట్రాసౌండ్ వంటి పరీక్షలతో వెతుకుతారు. జుట్టు కోసమని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వేసుకుంటున్నావేమో, ఆ సంగతి ముందే చెప్పు. కొన్ని పరీక్షా పద్ధతులను అది తప్పుదారి పట్టిస్తుంది.

ప్రతిసారీ ఒకే ల్యాబులో, ఒకే పద్ధతిలో చేయించు. ల్యాబు మారితే ఒకే రక్తానికి వేరే అంకె రావచ్చు, అది జబ్బు మారినట్టు కాదు. తప్పనిసరిగా మారవలసివస్తే ఒకసారి రెండు చోట్లా చేయించి, కొత్త వరుసను అక్కడినుంచి మొదలుపెట్టు. మీ ఆఫీసులో మెడుల్లరీ అనే వేరే రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినామె తన కాల్సిటోనిన్, సీఈఏ అనే రక్తపరీక్షల లెక్కలు చెప్పినప్పుడు కంగారుపడకు. ఆ జబ్బుకు చూసే గుర్తులే వేరు.

తేదీ, ల్యాబు, మాత్ర మోతాదు, మూడు ఫలితాలు ఒక పట్టికగా రాసుకుని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళు. తరువాతి రక్తపరీక్ష ఎప్పుడో, మెడ స్కానింగ్ ఎప్పుడో అడిగి అందులోనే రాసుకో.

ఇట్లు,
మీ పెద్దమ్మ