ఆ జన్యువు ఎవరిది?

బ్రాడీపేట, గుంటూరు

చి. మాధవికి ఆశీస్సులు.

సార్కోమా గడ్డలకి చేసే జన్యు పరీక్ష మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. (సార్కోమా అంటే కండ, కొవ్వు, ఎముక లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్.) ముందు నా తప్పొకటి చెప్పి, తర్వాత నీ వాటి దగ్గరికి వస్తాను.

కొత్తగా రాస్తున్న రోజుల్లో సార్కోమాని "జన్యువుల్లో లోపం వల్ల వచ్చే జబ్బు" అనేశాను. వారం తిరక్కుండా తెనాలి వైపు నుంచి ఒకాయన పేపర్ కటింగ్ జేబులో మడిచి పెట్టుకుని ఇంటికొచ్చాడు. తమ్ముడికి తొడలో గడ్డ, ముక్క పరీక్షలో సార్కోమా అని తేలింది. నేను రాసింది చదివి, తమ్ముడి కూతురికి కుదిరిన సంబంధం వాళ్లు వెనక్కి తగ్గారట. "మా పిల్లకూ వస్తుందాండీ?" అన్నాడు. కాఫీ ఇస్తే ముట్టుకోలేదు.

మనవాళ్లకి జన్యువంటే వంశం. నువ్వు రాసింది గడ్డలోని కణాల సంగతి. ఆ తేడా చెప్పకుండా "జన్యు వ్యక్తీకరణ" అని దాటేశావు. ఇలా చెప్పి చూడు: అందరి ఇళ్లలోనూ ఉండేది ఒకటే పంచాంగం, ఎవరింట్లో ఏ పేజీ ఎన్నిసార్లు తిప్పారన్నదే తేడా. గడ్డలో ఏ పేజీలు బాగా నలిగాయో, అంటే ఏ జన్యువులు ఎక్కువగా పనిచేస్తున్నాయో చూడటమే ఈ పరీక్ష. ఫ్రాన్స్ పరిశోధకులు 2010లో ప్రకటించిన సిన్‌సార్క్ అనే పరీక్షలో ఇలా చూసేవి 67 జన్యువులు. చాలావాటి పని కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములు సరిగ్గా పంచుకునేలా చూడటం. ఆ పేజీలు మరీ నలిగిన గడ్డ ఊపిరితిత్తుల్లాంటి చోట్లకి పాకే అవకాశం ఎక్కువ. తల్లిదండ్రుల నుంచి వచ్చే జన్యు లోపం వల్ల క్యాన్సర్ల ముప్పు పెరిగే లీ-ఫ్రామెని సిండ్రోమ్ లాంటి వంశపారంపర్య సందర్భాలూ ఉన్నాయి, అరుదు. వాటిని వేరే పేరాలో పెట్టు, ఇందులో కలపకు.

"67 జన్యువులు రోగి ఆయుష్షు చెప్పేస్తాయి" అన్న వాక్యం కొట్టెయ్. ఆ పరీక్ష రోగుల్ని రెండు గుంపులుగా విడదీస్తుంది, అంతే. ఫలానా మనిషికి ఏమవుతుందో చెప్పదు. పాకే ముప్పు ఎక్కువున్న గుంపులోనూ పాకని వాళ్లుంటారు. ప్రోగ్నోసిస్‌ని "జోస్యం" అన్నావు చూడు, అక్కడ ముందు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. కొత్తపేటలో ఆసుపత్రి మెట్ల మీద రిపోర్టు పట్టుకుని కూర్చున్నవాడు కూడా నీ పాఠకుడే. "జబ్బు ఎలా నడవొచ్చో అంచనా" అను. పొడుగైతే అయింది.

మైక్రోస్కోపు కింద చూసి గ్రేడు, అంటే గడ్డ ఎంత దూకుడుగా ఉందో చెప్పే అంకె, ఎలా వేస్తారో చెప్పిన పేరా బావుంది. కణాల రూపు, విభజనల లెక్క, చచ్చిపోయిన భాగం, మూడూ వరసగా పడ్డాయి. దాన్ని ముట్టుకోకు.

ఇంకొకటి. "నిమ్మకాయంత గడ్డ ఉంటే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి" అని ముగించావు. డాక్టర్లు ముఖ్యంగా అనుమానించేది 5 సెంటీమీటర్లు దాటినదాన్ని, కండ లోపలికి ఉన్నదాన్ని, పెరుగుతున్నదాన్ని. మన బజారు నిమ్మకాయ అంత ఉండదు, స్కేలు పెట్టి చూశాను. బత్తాయి అని మార్చు. చిన్నదైనా పెరుగుతుంటే చూపించుకోవాలని పక్కనే రాసి, ఆదివారంలోగా పంపు.