సీతంపేట కొండలకు వెళ్తున్న నా మనవరాలికి

సోంపేట

చిట్టితల్లీ,

ప్రభువు నామంలో నీకు, అబ్బాయికి వందనాలు. వచ్చే నెల మీరిద్దరూ సీతంపేట దగ్గర సవర గిరిజనుల ఊళ్ళో సేవ కోసం కాపురం పెడుతున్నారని మీ నాన్న ఫోను చేసి చెప్పాడు. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇప్పుడు మోకాళ్ళు వంగడం లేదు కాబట్టి మంచం మీదే కూర్చొని ప్రార్థన చేసుకున్నాను. చెప్పవలసినవి చాలా ఉన్నాయి, ఫోనులో సగం మరిచిపోతాను. అందుకే రాస్తున్నాను.

మొన్న ఆదివారం సంఘంలో మీ కోసం ప్రార్థించినప్పుడు పెద్దలు మనది నాలుగు తరాల సేవ కుటుంబమని అన్నారట. మా అత్తగారు కెనడా బాప్టిస్టు మిషన్‌లో బైబిలు స్త్రీగా, అంటే ఆడవాళ్ళకు వాక్యం చెప్పే పనిలో, టెక్కలి చుట్టుపక్కల ఊళ్ళు కాలినడకన తిరిగారు. మీ తాతయ్య సువార్తికుడు. నేను నర్సుగా ముప్పై నాలుగేళ్ళు రోగుల మధ్య గడిపాను. అంతవరకు నిజమే. మూడో తరం కింద మీ నాన్నను లెక్కవేశారు కదా, ఆ సంగతి నీకు పూర్తిగా తెలియదు.

వాడు కడుపులో ఉన్నప్పుడే నేను మొక్కుకున్నాను, హన్నా సమూయేలును ఇచ్చినట్టు వీణ్ణి సేవకు ఇస్తానని. ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాను. ఇంటర్మీడియట్ కాగానే, వాడి మనసులో ఏముందో ఒక్కసారైనా అడగకుండా బైబిలు కళాశాలకు పంపాను. రెండో ఏడు వానాకాలంలో ఒక రాత్రి ట్రంకు పెట్టె మోసుకొని తడిసి ముద్దయి వచ్చాడు. అన్నం పెట్టడానికి ముందే నా నోటి నుంచి వచ్చిన మాట, "సంఘానికి నా ముఖం ఎలా చూపించాలిరా?" అని. వాడు ఆ రాత్రి తినలేదు. తెల్లవారాక వెళ్ళిపోయాడు. తొమ్మిది క్రిస్మస్ పండుగలకు ఇంటికి రాలేదు. దేవుడు పిలవకముందే నేను పిలిచాను వాణ్ణి. ఈ మాట నీతో చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన ఉద్దానం తోటల ప్రాంతాన్ని నేలమట్టం చేసినప్పుడు వాడు ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చాడు. నేనూ వెంట వెళ్ళాను. కొబ్బరి, జీడి, పనస, ఏ తోట చూసినా వేళ్ళతో పెకిలించుకొని పడి ఉంది. మేము బియ్యం, కొవ్వొత్తులు పంచుతున్నాం. ఒక ముసలి రైతు కూలిన చెట్టు మీద కూర్చొని ఎవరితోనూ మాట్లాడడం లేదు. మీ నాన్న వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు. వాక్యం చెప్పలేదు, ఓదార్పు మాటా చెప్పలేదు. ఆయన చెయ్యి పట్టుకొని చాలాసేపు అలాగే ఉన్నాడు. చివరికి ఆయన ఏడ్చి, అన్నం అడిగి తిన్నాడు. నేను దూరం నుంచి చూస్తూ నిలబడ్డాను. ఇరవై రోజులు ఉన్నాడు వాడు. రమ్మని ఎవరూ చెప్పకపోయినా వచ్చాడు.

కాబట్టి తల్లీ, రేపు మీకు పిల్లలు పుడితే వాళ్ళ పేరు మీద మొక్కుకోకండి. మీరు చేసే పని వాళ్ళ కళ్ళముందే చేయండి, వాళ్ళ చేత గంజి మోయించండి, రోగి ఇంటికి వెంట తీసుకెళ్ళండి. ఆ పైన వాళ్ళ ఇష్టం. మన సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రి గల్లిసన్ డాక్టరు గారి తల్లిదండ్రులూ మిషనరీలే. ఆయన వైద్యం చదువుకొని, భార్య కూడా డాక్టరే, ఇద్దరూ వచ్చి ఇక్కడ కంటి చూపు పోయినవారికి చూపు ఇచ్చారు. 1963లో కెనడాలో మొదలైన ఆపరేషన్ ఐసైట్ అనే కంటి వైద్య సేవా సంస్థకు మూలం ఈ సోంపేట పనే. తండ్రి బోధకుడైతే కొడుకు కత్తి పట్టిన వైద్యుడయ్యాడు. కొడుకు తండ్రి పనినే చేయాలని ఎక్కడుంది?

ఇక అక్కడికి వెళ్ళాక మొదటి ఏడాది ఏమీ బోధించకండి. వాళ్ళ మాట నేర్చుకోండి. అబ్బాయికి తొందర ఎక్కువని నాకు తెలుసు, ఈ పేరా వాడికి చదివి వినిపించు. 1805లో విశాఖపట్నానికి వచ్చిన లండన్ మిషన్ వారు క్రాన్, డెగ్రాంజెస్ తెలుగు నేర్చుకొని, ఆనందరాయర్ అనే బ్రాహ్మణుని సాయంతో సువార్తలను తెలుగులోకి తేవడానికి కూర్చున్నారు. 1810 నాటికి ఇద్దరూ మరణించారు. ఉన్న ఆ కొద్ది ఏళ్ళనూ భాషకే ఖర్చుపెట్టారు.

అంతకన్నా నాకు ఇష్టమైన వారు మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు. ఆయన క్రైస్తవులు కారు, మిషనరీ కారు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ, సవర మాట తెలిసినవారిని ఇంట్లో పెట్టుకొని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించడానికి బడులు పెట్టించారు. సవర నిఘంటువు రాశారు. తరువాత ఆయన కుమారుడు సీతాపతి గారు కూడా సవర భాష మీద పనిచేశారు. తరతరాల సేవ అని మనం చెప్పుకొనేటప్పుడు ఆ ఇంటిని కూడా తలుచుకోవాలి. సవరలను ప్రేమించడంలో వాళ్ళు మన కన్నా ముందున్నారు.

వాళ్ళ దేవతలను గురించి ఒక్క తక్కువ మాట మీ నోట రాకూడదు. మందు ఇచ్చేటప్పుడు ప్రార్థనకు వస్తావా అని అడగకూడదు. నేను వార్డులో ఉన్నప్పుడు ఒకరిద్దరు అలా అడగడం చూశాను. రోగి తలూపుతాడు, వేరే దారి లేదు కాబట్టి. ఆ తలూపు చూస్తే నాకు సిగ్గేసేది. జ్వరం వచ్చినవాడికి ముందు రక్తపరీక్ష చేయించండి, కొండల్లో మలేరియా ఆలస్యాన్ని క్షమించదు. మీరిద్దరూ దోమతెర లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోవద్దు. ఊట నీళ్ళు ఎంత తేటగా ఉన్నా కాచే తాగండి.

డబ్బు లెక్క నీ దగ్గర పెట్టుకో. వచ్చిన ప్రతి కానుకా, ఖర్చయిన ప్రతి రూపాయీ పుస్తకంలో ఉండాలి, అడిగినవారికి ఆ పుస్తకం చూపించాలి. కోపం వస్తే ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోండి, ఫోనులో మాకు కాదు.

మా అత్తగారి మట్టికుండ నీకు గుర్తుందా? వంట చేసే ప్రతిసారీ ఎసట్లో పోసే ముందు గుప్పెడు బియ్యం అందులో వేసేవారు. నెలాఖరుకు అది సంఘానికి, లేదా ఆకలితో ఉన్న ఇంటికి వెళ్ళేది. ఆమె తరువాత నేను వేశాను. ఆ కుండ నీకు ఇవ్వాలని ఉంది. బస్సులో పంపిస్తే పగిలిపోతుందని భయపడ్డాను. మీ నాన్నతో అంటే, "నేనే తీసుకెళ్ళి ఇస్తానమ్మా, నాలుగు రోజులు వాళ్ళ దగ్గర ఉండి వస్తాను" అన్నాడు. సోమవారం బయలుదేరుతున్నాడు. వాడికి కూర కారం తక్కువ వేయి.

నీ నాయనమ్మ