దుబాయ్‌కి కొత్తగా పోయేవాళ్లకు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా తమ్ముడు వచ్చే నెల దుబాయ్ పోతున్నడు. బిల్డింగ్ కంపెనీలో హెల్పర్ పని. అమ్మ తొక్కు, మసాలా, సకినాలు కడుతున్నది. ఏమేం పంపొచ్చు? ఏ కాగితాలు దగ్గర పెట్టుకోవాలె?
– మెట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ముందు మసాలా సంగతి చూడండి. ఇంట్లో దంచిన మటన్ మసాలాలో గసగసాలు పడి ఉంటే ఆ పొట్లం బ్యాగులోంచి తీసేయండి. మనకవి వంటింటి దినుసు, అక్కడి చట్టానికి మత్తుపదార్థం. ఎయిర్‌పోర్టులో దొరికితే కేసే. కొంచెమే కదా అంటే వినరు. ధనియాలు, ఎండుకొబ్బరి, లవంగాలు, చెక్కతో వేరుగా దంచివ్వండి. దంచేముందు మిక్సీ గిన్నె బాగా కడగండి. తొక్కుకు, సకినాలకు ఇబ్బంది లేదు.

మందులతోనూ ఇంతే జాగ్రత్త. ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు అక్కడి ముందస్తు అనుమతి లేకుండా తీసుకుపోకూడదు. షుగర్, బీపీ మాత్రలైతే డాక్టర్ చీటీతో సహా, కంపెనీ ప్యాకింగ్‌లోనే పెట్టండి. 'మా అన్నకు ఇయ్యి' అంటూ ఊళ్లోవాళ్లు ఇచ్చే పార్శిల్‌ను విప్పి చూడందే ముట్టుకోవద్దు. ఎంత దగ్గరివాళ్లిచ్చినా సరే, బ్యాగులో ఏది దొరికినా జవాబు చెప్పాల్సింది మీ తమ్ముడే.

ఇక కాగితాలు. పాస్‌పోర్టు, వీసా, ఆఫర్ లెటర్, ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ ఉండాలి. ఈ బీమా ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి. అన్నీ ఫోన్‌లో ఫొటో తీసుకోమనండి, ఒక జిరాక్స్ సెట్ మీ ఇంట్లోనూ ఉంచండి. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో కనిపించకపోతే అక్కడే ఆగిపోండి. లైసెన్స్ ఉన్న ఏజెంటైనా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ కంటే ఎక్కువ తీసుకోకూడదు. విజిట్ వీసా మీద పోయి పనిచేస్తే మాత్రం జీతం ఎగ్గొట్టినా అడగడానికి చేతిలో కాగితం ఉండదు. చాలామంది ఖల్లివెల్లి (సరైన కాగితాలు లేకుండా అక్కడ ఉండిపోయేవాళ్లు) అయ్యేది ఈ దారిలోనే.

ప్రశ్న: నెలకు 1,000 దిర్హాములు అని ఏజెంటు చెప్పిండు. ఆఫర్ లెటర్‌ల బేసిక్ 600, మిగతాది అలవెన్స్ అని ఉన్నది. ఎట్లయినా చేతికి వచ్చేది 1,000 కదా, తేడా ఏముంది?
– కామారెడ్డి నుంచి ఒక పాఠకుడు

జవాబు: చాలా తేడా ఉంది. ఓవర్‌టైం, గ్రాట్యుటీ (పని మానేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) రెండూ బేసిక్ మీదే లెక్కకడతారు. ఏడాది నిండాక, మొదటి 5 ఏళ్లలో ఏడాదికి 21 రోజుల బేసిక్ గ్రాట్యుటీ వస్తుంది. బేసిక్ 600 అయితే ఏడాదికి 420 దిర్హాములు, 1,000 అయితే 700. ఓవర్‌టైం గంటకు మామూలు రేటు మీద 25 శాతం అదనం, రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 లోపైతే 50 శాతం. సంతకానికి ముందే బేసిక్ పెంచమని అడగండి, తర్వాత ఎవరూ మార్చరు. ఆఫర్ లెటర్ హిందీలోనో ఉర్దూలోనో ఇమ్మంటే ఇవ్వాలి. చదివి చెప్పేవాళ్లు దొరికేదాకా సంతకం పెట్టకండి.

వీసా ఖర్చు జీతంలో కోయడం, పాస్‌పోర్టు కంపెనీ దగ్గర అట్టిపెట్టుకోవడం అక్కడి చట్టానికి విరుద్ధం. ఇబ్బంది వస్తే దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

ప్రశ్న: మా కొడుకు జూన్‌ల పోతున్నడు. ఆ ఎండకు తట్టుకుంటడా?
– ధర్మపురి నుంచి ఒక తల్లి

జవాబు: తట్టుకుంటాడమ్మా, కానీ ఒంటికి రెండు వారాల గడువివ్వాలి. రామగుండం ఎండ చూసినవాళ్లం కదా అన్న ధీమా వద్దు. సముద్రం పక్క ఊరు కాబట్టి గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఎండదెబ్బ ఎక్కువగా తగిలేది కొత్తలోనే. పాతవాళ్లతో పోటీపడి మొదటిరోజే పూర్తి బరువు మోయొద్దని చెప్పండి.

దాహం వేసేదాకా ఆగకుండా 15, 20 నిమిషాలకోసారి ఒక గ్లాసు నీళ్లు తాగాలి. ఒకేసారి రెండు లీటర్లు పట్టించడం మంచిది కాదు, ఒంట్లో ఉప్పు పలచబడిపోతుంది. మూత్రం ముదురు పసుపురంగులో వస్తుంటే నీళ్లు చాలడం లేదని గుర్తు. పొద్దున్నే ఒట్టి చాయ్ తాగి సైట్‌కు పోకూడదు. ఎనర్జీ డ్రింకులు నీళ్లకు బదులు కావు. మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే అది ఎండదెబ్బ; వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒంటిమీద నీళ్లు పోస్తూ 998కి ఫోన్ చేయాలి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ నిబంధన ఉంది. ఆ సమయంలో ఫోన్ చూస్తూ కూర్చోకుండా కాసేపు కునుకు తీయాలి.

కార్మికులుండే క్యాంపులో ట్యాంకులు మిద్దెమీద ఉంటాయి కాబట్టి ఎండాకాలం నల్లా నీళ్లు కాగిపోయి వస్తాయి. రాత్రే బకెట్ నింపి గదిలో పెట్టుకుంటే పొద్దున స్నానానికి పనికొస్తాయి. నల్లుల బాధా ఉంటుంది. మంచం తీసుకోగానే పరుపు కుట్ల దగ్గర, మంచం కీళ్లలో నల్లని చుక్కలున్నాయేమో టార్చితో చూసి, ఉంటే అదేరోజు క్యాంప్ బాస్‌కు చెప్పాలి. మెట్రోలో నోల్ కార్డు (టికెట్‌కు బదులు వాడేది) ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రెండుసార్లూ తాకించాలి. లోపల తిన్నా తాగినా, ఆఖరికి నీళ్లయినా, 100 దిర్హాముల జరిమానా.

ప్రశ్న: మా ఆయన వాట్సాప్‌ల కాల్ చేస్తే కలుస్తలేదు. పైసలు ఎట్ల పంపిస్తే మంచిది?
– సిరిసిల్ల నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అక్కడ వాట్సాప్ కాల్స్ నడవవు. మెసేజ్‌లు, వాయిస్ నోట్‌లు వస్తాయి. కాల్‌కు బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్ ఇద్దరి ఫోన్లలో వేసుకోండి. ఎవరో చెప్పారని వీపీఎన్ పెట్టుకోవద్దనండి, జరిమానా భారీగా ఉంటుంది. మనకు రాత్రి 10 అయితే వారికి 8.30, వంట అయ్యే వేళ.

పైసలు హుండీలో, అంటే బ్యాంకు లేకుండా దళారుల చేతుల మీదుగా, వద్దు. రేటు కొంచెం ఎక్కువ వస్తుందనిపిస్తుంది, కానీ మధ్యలో మనిషి మాయమైతే రసీదే ఉండదు. మీ ఆయన పేరున బ్యాంకులో ఎన్ఆర్ఈ ఖాతా (విదేశంలో సంపాదించింది ఇక్కడ వేసుకునేది) తెరిపించండి. దాని వడ్డీపై ఇక్కడ పన్ను లేదు. పాత సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (విదేశంలో ఉండేవాళ్ల ఇక్కడి రాబడికి వాడే ఖాతాగా) మార్పించాలి. పంపే ముందు రెండు మూడు ఎక్స్చేంజ్‌లలో రేటుతో పాటు చార్జీ కూడా అడిగి, చివరికి మీ చేతికి ఎన్ని రూపాయలు వస్తాయో చూసుకొమ్మనండి. చార్జీ ఒకసారికి ఇంత అని ఉంటుంది గనుక వారం వారం కొంచెం కొంచెం పంపేకన్నా నెలకోసారి పంపడమే లాభం.