జీఆర్ఈకి ఎన్ని నెలలు చదవాలని అడిగావు కదా

చి. ల. సౌ. మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

విదేశాల్లో పీజీ సీటు కోసం రాసే జీఆర్ఈ పరీక్షకు మూడు నెలలు సరిపోతాయా, ఆరు నెలలు పడుతుందా అని అడిగావు. నెలలు వదిలేసి గంటలు లెక్కపెట్టు తల్లీ. రాత్రి ఆఫీసు నుంచి అలసి వచ్చి, పుస్తకం ఒళ్లో పెట్టుకుని కునికిపాట్లు పడే ఆరు నెలల కన్నా, తెల్లవారుజామున రెండు గంటలు స్థిమితంగా చదివే పది వారాలు నయం. ఆరు రోజులు రెండేసి గంటలు, ఆదివారం నాలుగు. పది వారాలకు 160 గంటలవుతాయి. నా దగ్గర చదువుకున్న ఉద్యోగస్థుల్లో ఎక్కువ మందికి దాదాపు ఇంతే పట్టింది.

నీకు సరిపోతుందా అన్నది తేలాలంటే, ఏమీ చదవకముందే ఒక నమూనా పరీక్ష రాయాలి. పరీక్ష నిర్వహించే ఈటీఎస్ సంస్థే పవర్‌ప్రెప్ పేరుతో రెండు పరీక్షలు ఉచితంగా ఇస్తుంది. ఒకటి ఇప్పుడు రాయి, రెండోది చివరి పది రోజులకు దాచుకో. 2023 సెప్టెంబరు నుంచి పరీక్ష 1 గంట 58 నిమిషాలకు తగ్గింది, ఒక్క ఉదయం చాలు. నీకు వచ్చిన మార్కులకూ నువ్వు కోరుకునే వాటికీ తేడా అయిదారే అయితే ఆరు వారాల్లో అందుకోగలవు. ఇరవై దాటితే నాలుగైదు నెలలు పెట్టుకో, బెంగపడకు.

ఆ గంటలు దేనికి ఖర్చు పెడతావన్నదే నాకు ముఖ్యం. మన పిల్లలు వచ్చిన లెక్కలే మళ్లీ మళ్లీ చేస్తారు, చేతికి హాయిగా ఉంటుంది కనుక. నువ్వు మూడింట రెండు వంతుల సమయం వర్బల్‌కు, అంటే ఆంగ్ల భాగానికి ఇవ్వు. అలాగని పదాల జాబితాలు బట్టీ పట్టకు. ‘శాంక్షన్’ అంటే మనకు లోను మంజూరు కావడమే తెలుసు. ఒక దేశం మీద విధించే ఆంక్షకూ అదే మాట. ఒకే పదం అనుమతి, శిక్ష రెండూ అవుతుంది. చుట్టూ ఉన్న వాక్యం చదవనిదే ఏ అర్థమో తెలియదు. అందుకే రోజూ ఒక గట్టి ఆంగ్ల వ్యాసం నిదానంగా చదువు. తెలిసిన పదమే కొత్తగా కనిపిస్తే ఆ వాక్యమంతా నోటుపుస్తకంలో రాసుకో.

క్వాంట్‌లో, అంటే లెక్కల భాగంలో మార్కులు పోయేది తొందర వల్ల. ఎక్స్ వర్గం 9 కంటే పెద్దదైతే ఎక్స్ 3 కంటే పెద్దదేనా? అవునని గీసేస్తారు, మైనస్ 4 గుర్తుకు రాదు. క్వాంట్ మొదటి విభాగంలో 12 ప్రశ్నలకు 21 నిమిషాలే. చిక్కుపడిన ప్రశ్నను గుర్తుపెట్టి ముందుకు వెళ్లు, ఆ విభాగం ముగిసేలోగా వెనక్కి రావచ్చు. తప్పుకు మార్కులు కోయరు, కాబట్టి ఏదీ ఖాళీగా వదలకు. పరీక్షలో నువ్వు రాయాల్సిన వ్యాసానికి 30 నిమిషాలు ఇస్తారు, ఆదివారానికి ఒకటి రాస్తే చాలు.

డబ్బు కట్టేముందు నువ్వు చేరాలనుకునే యూనివర్సిటీ విభాగం జీఆర్ఈ అడుగుతోందో లేదో చూడు, చాలాచోట్ల ఇప్పుడు తప్పనిసరి కాదు. అమెరికాలో చాలా దరఖాస్తుల గడువు డిసెంబరులో ముగుస్తుంది. మళ్లీ రాయాల్సి వస్తే మధ్యలో 21 రోజులు ఆగాలి. కాబట్టి పరీక్షను సెప్టెంబరు దాటనివ్వకు.

ఈ ఆదివారం ఉదయం ఫోను మీ అమ్మ చేతికిచ్చి, తలుపు వేసుకుని ఆ మొదటి పరీక్ష రాయి. మధ్యాహ్నం నాకు వర్బల్, క్వాంట్ మార్కులు రెండూ చెప్పు, వారాల లెక్క ఇద్దరం కలిసి వేద్దాం.

మీ అత్తయ్య