టెక్ సందేహాలు: శబ్దం వినిపిస్తోంది, మాట తెలియడం లేదు

ఈ వారం మొత్తం చెవుల సంగతే. ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఉన్న తెలుగు పాఠకులు వినికిడి మీద పంపిన ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాను. వాటిలో ఒకదానికి మాత్రం ముందు జవాబు చెప్పాలి, ఎందుకంటే అది ఆగే విషయం కాదు.

"నిన్న పొద్దున్న లేచేసరికి కుడి చెవి మూసుకుపోయినట్టుంది. ఫోన్ ఆ చెవికి పెట్టుకుంటే ఏమీ వినబడటం లేదు. ఇంట్లోనే వినికిడి పరీక్ష చేసుకోవడానికి మంచి యాప్ చెప్పండి." – ఛత్రపురం

యాప్ వద్దండీ. వెంటనే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి. ఈ మాట మీకు విడిగా కూడా రాశాను. ఇలా ఎవరికైనా జరగవచ్చు కాబట్టి అందరి కోసం ఇక్కడా రాస్తున్నాను.

గులిమి అడ్డుపడి ఉంటే పది నిమిషాల పని, శుభ్రం చేసి పంపిస్తారు. అలా కాక లోపలి చెవి, నరం దెబ్బతిని ఉన్నట్టుండి వినికిడి పోతే అది ఎమర్జెన్సీ. దానికి స్టెరాయిడ్ మందులు ఇస్తారు. మొదటి కొద్ది రోజుల్లో మొదలుపెడితేనే ఫలితం ఎక్కువ. రెండు వారాలు దాటితే తిరిగి వచ్చే అవకాశం బాగా తగ్గిపోతుంది. ఈ రెండింటిలో ఏదన్నది ఏ యాపూ తేల్చలేదు. చెవిలో నూనె పోయడం, పుల్ల పెట్టడం చేయకండి. మీకు బరంపురం దగ్గరే, అక్కడి ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్లండి.

"మా నాన్నగారికి 68 ఏళ్లు. టీవీ సౌండు 40లో పెడితే గానీ వినరు. ఇంట్లో మాతో తెలుగులో ఎలాగో నెట్టుకొస్తారు. బ్యాంకు నుంచి ఒడియాలో ఫోన్ వస్తే మాత్రం ఒక్క ముక్క తెలియడం లేదంటారు. చిన్నప్పటి నుంచి ఒడియా బాగా వచ్చినాయనే. ఆన్‌లైన్‌లో 1,200 రూపాయలకి చెవి మిషన్ కొన్నాం. రెండు రోజులు పెట్టుకుని తీసి పక్కన పడేశారు. ఇది మొండితనమా? ఏ మిషన్ కొనమంటారు?" – గుణుపురం

మొండితనం కానే కాదు. ఆయన చెప్పేది అక్షరాలా నిజం. ఇది ఇంటింటికీ ఉన్న సమస్య కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

లోపలి చెవిలో చుట్టలు తిరిగి ఉండే కాక్లియా అనే భాగం ఉంది. దాని మొదట్లో ఉన్న కణాలు సన్నని, కీచు స్వరాలని అందుకుంటాయి. లోపలి కొసన ఉన్నవి బొంగురు స్వరాలని అందుకుంటాయి. శబ్దం ఈ గొట్టంలో అలలా ప్రయాణించి ఒక్కో స్వరానికి ఒక్కో చోట ఉవ్వెత్తున లేస్తుందని చూపించినందుకే శాస్త్రవేత్త బెకేషీకి 1961లో నోబెల్ వచ్చింది. వయసుతో ముందు పోయేది మొదట్లో ఉన్న కణాలే. అంటే కీచు స్వరాలు ముందు పోతాయి, బొంగురు స్వరాలు చాలాకాలం నిలుస్తాయి.

ఇది మాటకి ఎలా తగులుతుందో చూడండి. మన మాటలో అచ్చులు బలమైనవి, బొంగురు స్వరాల వైపు ఉంటాయి. త, క, ప, స, శ లాంటి హల్లులు బలహీనమైనవి, వాటిని వేరుచేసి చూపే గుర్తులు ఎక్కువగా కీచు స్వరాల వైపు ఉంటాయి. కాబట్టి మీ నాన్నగారికి గొంతు బాగానే వినిపిస్తుంది, ఎవరు మాట్లాడుతున్నారో, కోపంగా ఉన్నారో లేదో కూడా తెలుస్తుంది. కానీ పప్పు, తప్పు, కప్పు మూడూ ఒకేలా ఉంటాయి. "పప్పు వెయ్యనా" అంటే "తప్పేముంది" అని జవాబొస్తుంది. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. అలా నాలుగుసార్లు జరిగాక పెద్దవాళ్లు మాట్లాడటమే తగ్గించేస్తారు. దయచేసి నవ్వకండి.

ఇక ఆ 1,200 రూపాయల మిషన్. ఒక్కో చెవిలో శబ్దాన్ని మెదడుకి చేరవేసే కణాలు సుమారు 3,500, చిన్న శబ్దాన్ని పెంచి వాటికి అందించే కణాలు సుమారు 12,000. ఈ రెండో రకం పోయినప్పుడు చిన్న శబ్దం వినబడదు, పెద్ద శబ్దం మాత్రం మనకి ఎంత పెద్దగా వినిపిస్తుందో ఆయనకీ అంతే వినిపిస్తుంది. ఆ మిషన్ అన్నింటినీ ఒకేలా పెంచుతుంది. మీ మాట కాస్త పెరిగేసరికి వంటింట్లో పడిన స్టీలు గ్లాసు చెవిలో పేలినట్టు అవుతుంది. ఎవరైనా తీసి పారేస్తారు. అసలైన హియరింగ్ ఎయిడ్ అలా చేయదు. ఏ స్వరాలు పోయాయో వాటినే పెంచుతుంది, చిన్న శబ్దాలని ఎక్కువగా, పెద్ద శబ్దాలని తక్కువగా పెంచుతుంది.

ఒడియా సంగతి కూడా ఇక్కడే ఉంది. సగం అక్షరాలు చెవిన పడకపోయినా మిగతా సగాన్ని మెదడు సందర్భాన్ని బట్టి పూరించుకుంటుంది. పుట్టినప్పటి నుంచి విన్న భాషలో ఈ పని చకచకా చేస్తుంది, తర్వాత నేర్చుకున్న భాషలో అంత బాగా చేయలేదు. గోలలో, సరిగా వినబడని చోట రెండో భాష ముందుగా చేజారుతుందని పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తేలింది. దానికి ఫోన్ తోడైంది. స్వరం ఎంత కీచుగా ఉందో హెర్ట్జ్‌లో కొలుస్తారు. పాత పద్ధతి కాల్‌లో 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే వెళుతుంది. ఆయనకి ఇప్పటికే కష్టంగా ఉన్న హల్లుల భాగాన్ని అది ఇంకా కోసేస్తుంది. పెదవులు కూడా కనబడవు. నలభై ఏళ్లు ఒడియాలో వ్యవహారం చేసిన మనిషికి ఒడియా రాకుండా పోలేదు. అర్థం చేసుకోవడానికి ఆయన చెవికి అందుతున్న సరుకే తక్కువైంది.

అందుకే ముందు పరీక్ష, తర్వాతే మిషన్. పరీక్ష రెండు భాగాలు చేయమని అడగండి. మొదటిది బీప్ శబ్దాలతో చేసేది. దాని కాగితం మీద కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు ఉంటాయి. ఎడమ నుంచి కుడికి 250 నుంచి 8,000 హెర్ట్జ్ దాకా స్వరాలు, పై నుంచి కిందికి శబ్దం బలాన్ని కొలిచే డెసిబెల్స్. గుర్తు ఎంత కిందికి ఉంటే వినికిడి అంత తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో సగటు 20 లోపు ఉంటే మామూలు, 35 దాటితే మధ్యస్థ లోపం. మీ నాన్నగారి కాగితంలో గీత ఎడమవైపు పైన ఉండి, కుడివైపు జారిపోయి ఉంటుందని నా అంచనా. రెండో భాగం మాటలతో చేసే పరీక్ష. ఇది తెలుగులో చేయించండి. రెండో భాషలో చేస్తే చెవి లోపమేదో, భాష అలవాటు లేకపోవడమేదో తెలియకుండా కలిసిపోతుంది. కోరాపుట్, బరంపురం మెడికల్ కాలేజీలు మీకు ఉన్నాయి. అక్కడ తెలుగులో చేసేవాళ్లు దొరక్కపోతే విశాఖ వెళ్లండి. పర్లాకిమిడి, నౌపడా మీదుగా మీకు రైలు మార్గం ఉంది కదా.

కొనేటప్పుడు చానళ్లు (విడివిడిగా సరిచేయగల స్వరాల భాగాలు) ఎన్ని అన్నదాని కంటే, ఆయన కాగితాన్ని బట్టి మిషన్‌ని ప్రోగ్రాం చేసి, నెలలో రెండు మూడుసార్లు సరిచేసి ఇచ్చే మనిషి దగ్గర్లో ఉన్నారా అన్నది నాకు ముఖ్యం. ట్రయల్ ఇమ్మనండి. మొదటి వారాల్లో ఫ్యాను, చెప్పుల చప్పుడు కూడా విసిగిస్తాయి. మెదడు సర్దుకోవడానికి టైం పడుతుంది, రోజుకి కొన్ని గంటలతో మొదలుపెట్టించండి. బ్లూటూత్ రకం అయితే మీ ఫోన్‌తో కలుస్తుందో లేదో దుకాణంలోనే కలిపి చూడండి. ఆండ్రాయిడ్‌లో 10 లేదా ఆ తర్వాతి వెర్షన్ ఉండాలి. అప్పుడు కూడా కొన్ని ఫోన్లలోనే ఈ సదుపాయం ఉంటుంది.

చిన్న గుండ్రటి బ్యాటరీతో నడిచే మిషన్ అయితే ఒక సంగతి. బ్యాటరీకి అంటించిన రంగు స్టిక్కర్ అలంకారం కాదు, దాని కింద గాలి రంధ్రాలు ఉంటాయి. స్టిక్కర్ తీయగానే గాలి లోపలికి వెళ్లి బ్యాటరీ పని మొదలుపెడుతుంది. తీశాక ఒక నిమిషం బయట ఉంచి, అప్పుడు మిషన్‌లో వేయండి. స్టిక్కర్ మళ్లీ అంటించినా బ్యాటరీ ఆగదు, కాబట్టి అవసరమైనప్పుడే తీయండి. వానాకాలంలో మీ వైపు తేమ మిషన్‌కి మొదటి శత్రువు. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో పెట్టండి.

లోపం బాగా ఎక్కువని తేలితే ప్రభుత్వ సాయం ఉంది. కేంద్రం ఏడిప్ పథకం కింద ఆదాయాన్ని బట్టి మిషన్ ఉచితంగా గానీ సగం ధరకి గానీ ఇస్తారు. పరీక్ష విశాఖలో చేయించినా, వికలాంగుల సర్టిఫికెట్‌కీ యూడీఐడీ గుర్తింపు కార్డుకీ మీరు ఉండేది ఒడిశాలో కాబట్టి మీ జిల్లా ఆసుపత్రి ద్వారానే వెళ్లడం తేలిక.

ఈలోగా టీవీకి వైరుతో చిన్న స్పీకర్ కలిపి ఆయన కుర్చీ పక్కన పెట్టండి. టీవీ సౌండు సగానికి తగ్గుతుంది. ఫోన్‌లో VoLTE (4జీ నెట్‌వర్క్ మీద కాల్ వెళ్లే సెట్టింగ్) ఆన్ చేయండి. అవతలివాళ్లకీ అది ఉంటే 7,000 హెర్ట్జ్ దాకా స్వరాలు వెళతాయి, హల్లులు తేలతాయి. మనవలతో వీడియో కాల్ అయితే మరీ మంచిది, పెదవులు చూస్తూ వింటే చెవికి సగం సాయం.

"బస్సులో రోజూ ఇయర్‌బడ్స్ పెట్టుకుని క్లాసులు వింటాను. తీశాక కాసేపు చెవిలో గుయ్యిమంటుంది. 70 శాతం వాల్యూమ్ సేఫేనా?" – పర్లాకిమిడి, డిగ్రీ విద్యార్థిని

గుయ్యిమంటోందంటే ఆ రోజు మోతాదు మించిందని చెవే చెబుతోందమ్మా. శాతాన్ని నమ్మకు. ఒక ఫోన్‌లో 70 శాతం ఇంకో ఫోన్‌లో 50తో సమానం కావచ్చు. లెక్క డెసిబెల్స్‌లో ఉంది: 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు. ఆపైన 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా శబ్దశక్తి రెట్టింపు, సమయం సగం. 89 దగ్గర వారానికి 5 గంటలే. పిల్లలకి మొదలే 75 దగ్గర. చెవిలో పోయిన కణాలు మనుషుల్లో మళ్లీ పుట్టవు.

నీ అసలు ఇబ్బంది బస్సు ఇంజిను. దాని మోతని దాటడానికే వాల్యూమ్ పెంచుతున్నావు. చెవిని బాగా మూసే రబ్బరు టిప్, కుదిరితే నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్న బడ్స్ వాడు. ఇంజిను రొదలాంటి ఏకధాటి మోతని అవి బాగా తగ్గిస్తాయి, అప్పుడు సగం వాల్యూమ్ చాలు. ఐఫోన్‌లో హెడ్‌ఫోన్ సేఫ్టీలో, శాంసంగ్‌లో మీడియా వాల్యూమ్ లిమిట్‌లో గరిష్ఠాన్ని కట్టేయవచ్చు. నడిరోడ్డు మీద నడిచేటప్పుడు మాత్రం బడ్స్ తీసెయ్యి.

"మా వీధిలో ఊరేగింపు డీజే మోత ఫోన్ యాప్‌లో 97 చూపించింది. ఫిర్యాదుకి పనికొస్తుందా?" – రాయగడ

సాక్ష్యంగా నిలబడదు. ఫోన్ మైకు మాట కోసం చేసింది, గుండెల్లో కొట్టే బేస్‌ని అది సరిగా పట్టదు, మరీ పెద్ద శబ్దం దగ్గర కొలత అక్కడే ఆగిపోతుంది. అసలు మోత 97 కంటే ఎక్కువే ఉండి ఉండవచ్చు. ఐఫోన్ ఉంటే అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ఉచితంగా ఇచ్చే సౌండ్ లెవెల్ మీటర్ యాప్ కొంత నమ్మదగింది.

ఫిర్యాదుకి అంకె కంటే టైం ముఖ్యం. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు నిషేధం. పండగలకి ఏడాదిలో 15 రోజులకి మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. తేదీ, సమయం కనబడేలా వీడియో తీసి 112కి చెప్పండి.

పండగ అందరిదీ, నేను దానికి అడ్డు చెప్పను. కానీ స్పీకర్ల బండికి ఎదురుగా చంటిపిల్లల్ని ఎత్తుకుని నిలబడటం చూస్తే నాకు ప్రాణం పోయినంత పనవుతుంది. దూరం రెట్టింపు చేస్తే ఆరుబయట 6 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. పది అడుగులు వెనక్కి వేయడానికి ఖర్చేమీ లేదు. మందుల షాపుల్లో ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ అడగండి. సన్నగా నలిపి, చెవి పైభాగాన్ని వెనక్కి లాగి, లోపల పెట్టి, ఉబ్బేదాకా వేలితో పట్టుకోండి. ఊరికే పైపైన కుక్కితే ఉపయోగం లేదు.

"నాకు వినికిడి తక్కువ, కిరాణా కొట్టు ఉంది. ఎదుటివాళ్ల మాట రాసి చూపించే యాప్ ఉందా?" – జయపురం

ఉంది. గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్, ఆండ్రాయిడ్‌లో ఉచితం. తెలుగు వస్తుంది. రెండు భాషలు పెట్టుకుని ఒక నొక్కుతో మార్చుకోవచ్చు. ఫోన్‌ని మీ దగ్గర కాదు, గల్లా బల్ల మీద కొనేవాళ్ల వైపు మైకు ఉండేలా నిలబెట్టండి. నెట్ బాగుండాలి. తెలుగు, ఒడియా, హిందీ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడే మన ఊళ్లలో తప్పులు వస్తాయి, కాబట్టి తూకం, ధర మాత్రం కాలిక్యులేటర్‌లో కొట్టి చూపించుకోండి.

"చిన్నప్పటి నుంచి ఎడమ చెవి వినబడదు. ఇయర్‌ఫోన్స్‌లో పాటలు అరకొరగా ఉంటాయి." – బరంపురం

స్టీరియో పాటలో కొన్ని వాద్యాలు ఎడమవైపే వేస్తారు, అవి మీకు చేరడం లేదు. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి మోనో ఆడియో ఆన్ చేయండి. రెండువైపులవీ కలిపి కుడి చెవికే వస్తాయి. కుడివైపు బడ్ ఒక్కటే పెట్టుకుంటే చాలు, అయితే వాల్యూమ్ పెంచకండి, ఉన్న చెవిని ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవాలి. రోడ్డు దాటేటప్పుడు హారన్ ఎటు నుంచో మీకు తెలియకపోవడం సహజం. రెండు చెవులకీ శబ్దం చేరడంలో ఉండే సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ తేడానీ, ఏ చెవికి ఎక్కువ బిగ్గరగా చేరిందన్న తేడానీ బట్టి మెదడు దిక్కు కనిపెడుతుంది, ఆ తేడాలు మీకు దొరకవు. దాటే ముందు రెండువైపులా కళ్లతో చూసుకోండి, ఆ సమయంలో బడ్ తీసి జేబులో వేసుకోండి.