ముగ్గురు నలుగురైన చోట
(యువ రచయితకు లేఖ)

తమ్ముడికి,

ఇన్‌విసీబ్లే అనే అర్జెంటీనా రాక్ బృందం మీద నువ్వు రాసిన చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. ప్రతి పేరాలో అభిమానం ఉంది, పాట మాత్రం వినపడలేదు. "సైకడెలిక్ నుంచి ప్రోగ్రెసివ్ వైపు ఎదిగారు" అని, రాక్‌లోని ఈ రెండు శైలుల పేర్లు పెట్టి నాలుగుచోట్ల రాశావు. ఏ రికార్డులో, ఎవరు చేరినందువల్ల, ఏ వాయిద్యం వచ్చినందువల్ల అన్నది ఒక్కచోటా లేదు. బ్యాండులో ముందు మనుషులు మారతారు, వాళ్లతో వాయిద్యాలు మారతాయి. ముద్దరలు ఆ తర్వాత ఎవరో వేస్తారు.

ఒక కాగితం మీద మూడు గడులు గియ్యి: 1974, 1975, 1976. ఏడాదికొక రికార్డు. ఒక్కో గడిలో ఎవరు ఏం వాయించారో, పాటలెన్నో, అన్నిటికన్నా పొడవైన పాట ఎన్ని నిమిషాలో రాసుకో. వ్యాసం మొదలుపెట్టడానికి ముందే ఇది పూర్తవ్వాలి.

మొదటి గడిలో ముగ్గురే. లూయిస్ అల్బెర్తో స్పినేత్తా గిటారు, గొంతు. మాచి రుఫీనో బేస్. పోమో లొరెన్సో డ్రమ్స్. చివరి ఇద్దరూ పాప్పోస్ బ్లూస్ అనే బృందం నుంచి వచ్చినవాళ్లు. ముగ్గురున్న బృందంలో గిటారు సోలోకి వెళ్లిందంటే కింద స్వరాల ఆధారం బేస్ ఒక్కటే. అందుకని "హూగో దె లూకుమా" రెండోసారి వినేటప్పుడు గిటారును పూర్తిగా వదిలేసి మాచి వేళ్లనే వెంబడించు. మూడోసారి డ్రమ్స్ ఒక్కటే విను. రాయడానికి నీకు కావలసినవి అప్పుడు దొరుకుతాయి. ఇంకొకటి, మొదటి రికార్డులో ఎనిమిది పాటలన్నావు. ఆరే. ఎల్పీతోపాటు ఒక చిన్న సింగిల్ కూడా జతచేసి ఇచ్చారు, దాని రెండు పాటలూ నీ లెక్కలో కలిశాయి.

వెనకటి కథకు సగం వ్యాసం ఖర్చుపెట్టావు. స్పినేత్తా పాత బృందాలైన ఆల్మెంద్రా, పెస్కాదో రబియోసోలకు నాలుగు వాక్యాలు చాలు. అందులో ఒకటి మాత్రం తప్పకుండా ఉండాలి: 1973లో వచ్చిన "అర్తో" రికార్డు పెస్కాదో రబియోసో పేరుతో వెలువడినా, ఆ బృందం అప్పటికే విడిపోయింది. అది నిజానికి స్పినేత్తా సొంత రికార్డు. దాన్ని నువ్వు బృందం పనిగా రాయడం వల్ల తర్వాత ముగ్గురూ కలవడంలోని కొత్తదనమే పోయింది.

1975 నాటి "దురాస్నో సంగ్రాందో" దగ్గర చాలామంది మనస్తత్వవేత్త యుంగ్‌లో మునిగిపోతారు, నువ్వూ మునిగావు. "బంగారు పువ్వు రహస్యం" అనే, యుంగ్ వ్యాఖ్య రాసిన చైనా గ్రంథం ఆ పాటలకు ప్రేరణ, నిజమే. ఒక్క పేరాలో చెప్పి బయటికి రా. మొదటి పాట సుమారు 15 నిమిషాలు, దాని తర్వాత వచ్చే శీర్షిక పాట మూడు నిమిషాల చిల్లర. ఆ పొడవు పక్కన ఈ పొట్టితనం చెవికి ఏం చేస్తుందో చెప్పు. పొడవైన పాటకు గడియారం దగ్గర పెట్టుకుని, మలుపు వచ్చినప్పుడల్లా నిమిషం, సెకను రాసుకో. ఒకే ముద్రణ వాడు. ముద్రణ మారితే సెకన్లు తేడా వస్తాయి.

ఇక నీ వ్యాసానికి గుండె 1976, "ఎల్ హర్దీన్ దె లోస్ ప్రెసెంతెస్". నువ్వు ఆరు వాక్యాల్లో దాటేశావు! తొమాస్ గూబిచ్ రెండో గిటారుతో చేరి ముగ్గురు నలుగురయ్యారు. బువేనోస్ ఐరెస్ ఊరి సంగీతమైన తాంగో లోకం నుంచి రొదోల్ఫో మెదెరోస్, హువాన్ హొసే మొసలీనీ బందొనియోన్ అనే తిత్తి వాయిద్యాలు పట్టుకొచ్చారు. ఆ వాయిద్యాన్ని "హార్మోనియం లాంటిది" అని వదిలెయ్యకు. తిత్తిగాలికి లోహపు రీడ్లు పలకడం వరకే చుట్టరికం. దీనికి మెట్లు లేవు, రెండు చేతులకూ కలిపి 71 మీటలు. తిత్తి సాగదీసినప్పుడు ఒక స్వరం పలికిన మీట, మూసేటప్పుడు చాలావరకు వేరే స్వరం పలుకుతుంది. ఆ ఊపిరి తీరు వల్లే "లోస్ లీబ్రోస్ దె లా బువేనా మెమోరియా" అంత నొప్పిగా వినిపిస్తుంది. దాని పక్కనే "కాపితాన్ బేతో" పాట పెట్టుకుని విను. నిన్నటి బస్సు డ్రైవరు, బువేనోస్ ఐరెస్ పక్కనున్న అయేదోలో తయారైన నౌకలో, తాంగో గాయకుడు గార్దెల్ ఫొటో, రివర్ ప్లేట్ ఫుట్‌బాల్ జట్టు జెండా పెట్టుకుని అంతరిక్షంలో తిరుగుతుంటాడు. తాంగోను ఎవరైనా ఈల వేసే ఊరు ఎక్కడుందని వెతుక్కుంటాడు. బేతో వెతుకుతున్న తాంగో అదే రికార్డులో బందొనియోన్‌గా మోగుతోంది. నీ "ఎదుగుదల" ఇక్కడుంది. రాక్ బృందం తన ఊరి సంగీతానికి తలుపు తీసింది.

అదే రికార్డులోని "ప్లాసా దె మాయో వానకోయిలలు" పాట, సైనిక పాలనలో మాయమైన తమ పిల్లల కోసం బువేనోస్ ఐరెస్‌లోని ఆ చౌకులో నడిచిన తల్లుల గురించి అన్నావు. సైన్యం అధికారం చేజిక్కించుకున్నది 1976 మార్చి 24న. తల్లులు అక్కడ మొదటిసారి చేరినది 1977 ఏప్రిల్ 30న. రికార్డు అంతకుముందే వచ్చింది. తర్వాత జనం ఆ పాటలో తల్లులను విన్నారు అని రాస్తే నిజం. వాళ్ల కోసమే రాశారంటే అబద్ధం. ఆ తల్లుల పట్ల గౌరవం ఉన్నవాళ్లు వాళ్ల తేదీలను అంత తేలిగ్గా జరపకూడదు.

పేర్ల సంగతి. స్పానిష్ వాళ్ల త, ద మన త, దలే, వాటిని ట, డ చెయ్యకు. అక్కడి జె మన హకు దగ్గర, జెడ్ స. ఇంగ్లిషు గుండా రాకుండా నేరుగా రాస్తే తెలుగు లిపి చక్కగా సరిపోతుంది.

వ్యాసాన్ని బేతోతో మొదలుపెట్టి, అక్కడినుంచి వెనక్కి 1974కి వెళ్లు. మూడు గడుల కాగితం కూడా జతచేసి పంపు, ముందు అదే చూస్తాను.

ఆశీస్సులతో,
అన్నయ్య