ముందు చిల్లర, తరవాత పాస్‌బుక్

విశాఖపట్నం

చి. సౌ. సుజాతకు పెదనాన్న ఆశీస్సులు.

పిల్లలిద్దరికీ పాకెట్ మనీ మొదలుపెడదామనుకుంటున్నామనీ, బ్యాంకు ఖాతా కూడా ఇప్పుడే తెరవొచ్చా అనీ అడిగావు. రెండూ చెయ్యండి. వరస మాత్రం తప్పొద్దు. ముందు చేతిలో నోట్లూ చిల్లరా, మూణ్ణెల్ల తరవాత పాస్‌బుక్. మీ ఇంట్లో పాల దగ్గర్నుంచి ఆటో దాకా అన్నీ ఫోన్ స్కాన్‌తోనే అయిపోతున్నాయి. ఏడేళ్ల పిల్లకి డబ్బంటే ఫోన్‌లో మోగే చప్పుడు, అంతే. అది తరిగిపోతుందని దానికి తెలిసే దారే లేదు. డబ్బు అయిపోవడాన్ని పిల్లలు కళ్లారా చూడాలి.

చిన్నదానికి వారానికి 30 రూపాయలు చాలు. మూడు పది నోట్లుగా ఇవ్వు. మన ఊళ్లో కొన్ని కొట్లలో పది రూపాయల బిళ్ల పుచ్చుకోరు. 14 నమూనాలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లోనే ప్రకటించింది గానీ, ఆ వాదనకి ఏడేళ్ల పిల్లని దింపకూడదు. పెద్దాడికి పదకొండు నిండాయి కాబట్టి వారానికి 100. ఆర్నెల్లు సాఫీగా సాగితే వాడికి పదిహేను రోజులకోసారి 200 చొప్పున ఇవ్వు. నెలకోసారి ఇవ్వడం హైస్కూలు పై తరగతులకి వచ్చాకే.

ఇచ్చే రోజు శనివారం సాయంత్రం పెట్టుకో. మర్నాడు ఆర్కే బీచ్‌కి వెళితే మురీ మిక్చరు, బజ్జీ, బెలూను అన్నీ ఎదురుగా ఉంటాయి, మిగతా వారమంతా ముందుంటుంది. ఏది కొనాలో, ఏది వదులుకోవాలో తేల్చుకోవలసింది అక్కడే. ఆ డబ్బులోంచి ఏవి కొనుక్కోవాలో, ఏవి మీరు కొంటారో ముందే కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించు. పుస్తకాలు, టిఫిను, బస్సు చార్జీలు మీవి. చాక్లెట్లు, స్టిక్కర్లు, బీచ్ తిళ్లు వాళ్లవి. పెద్దాడి స్నేహితుల పుట్టినరోజు కానుకలు కూడా వాడి వంద లోంచే. ఈ కాగితం లేకపోతే ప్రతి ఆదివారమూ బేరాలే.

ఎక్కువ ఇళ్లలో ఇది రెండు నెలల్లో ఆగిపోతుంది, అందుకు కారణం పెద్దవాళ్లే. ఒక వారం ఇవ్వడం మర్చిపోతారు, ఇంకో వారం ఏడుపు చూడలేక అదనంగా ఇస్తారు. మంగళవారానికే చెయ్యి ఖాళీ అయిందని చిన్నది ఏడిస్తే ఎత్తుకో, ఊరుకోబెట్టు, పది రూపాయలు మాత్రం ఇవ్వకు. ఆ నాలుగు రోజుల ఖాళీ చెయ్యి నేర్పినంత నువ్వు నోటితో నేర్పలేవు. మీ అత్తగారితో కూడా ముందే మాట్లాడు. అమ్మమ్మ, నాన్నమ్మ కొంగు ముడి విప్పితే ఈ లెక్క నిలవదు. ఆవిడ ఇవ్వాలనుకున్నది పండక్కో, పుట్టినరోజుకో ఇమ్మను. మార్కులకీ, అల్లరికీ ఈ డబ్బుతో లంకె పెట్టొద్దు. కోపం వచ్చి కోత పెడితే అది జరిమానా అవుతుంది, వాడికి లెక్క రాదు. ఇంకోటి, చిల్లర లేదని వాళ్ల డబ్బాలోంచి తీసుకుంటే ఆ సాయంత్రమే తిరిగి పెట్టు. పిల్లలు అది జన్మలో మర్చిపోరు.

దాచుకోవడానికి మట్టి హుండీ వద్దు. చూడ్డానికి బావుంటుంది గానీ లోపల ఎంత ఉందో తెలీదు, పగలగొడితే తప్ప రాదు. బిగించే మూత ఉన్న గాజు సీసానో, లోపలిది కనిపించే ప్లాస్టిక్ డబ్బానో పెట్టు. ఒక్కొక్కరికి రెండు: ఒకటి ఖర్చుకి, ఒకటి కొనాలనుకున్న వస్తువుకి. చిన్నదాని కోరిక నాలుగు వారాల్లో తీరేదై ఉండాలి. వారానికి పది చొప్పున 40 రూపాయల రంగు పెన్సిళ్లయితే సరే. సైకిలంటే ఆరో వారానికే మనసు మళ్లుతుంది. పెద్దాడికి 600 రూపాయల బ్యాట్ కావాలంటే వారానికి 50 చొప్పున 12 వారాలు, అది వాడి వయసుకి తగిన దూరం. నెలాఖరుకి రెండో డబ్బాలో ప్రతి పది రూపాయలకీ ఒక రూపాయి మీరు కలపండి. ఇది ఇంటి వడ్డీ. బ్యాంకు వడ్డీ ఇంత కళ్లకి కనిపించదు. 4 శాతం ఇచ్చినా 500 మీద ఏడాదికి వచ్చేది 20 రూపాయలే. పిల్లకి నెల అంటేనే యుగం.

పెద్దాణ్ణి ఎమ్వీపీ రైతుబజారుకి వెంట తీసుకెళ్లు. వంద నోటు, చిన్న జాబితా వాడి చేతికే: అరకిలో టమాటా, రెండు కట్టలు గోంగూర, పావుకిలో పచ్చిమిర్చి. అక్కడ ధరల బోర్డు ఉంటుంది కాబట్టి ఇంత అవుతుందని ముందు వాణ్ణే లెక్క కట్టమను. కాటా సున్నా దగ్గర ఉందో లేదో చూడ్డం, చిల్లర అక్కడే నిలబడి లెక్కపెట్టుకోవడం నేర్పు. తప్పు చిల్లరతో ఇంటికొస్తే కేకలెయ్యకు, ఎక్కడ తప్పిందో కాగితం మీద చూపించమను.

ఇక ఖాతా. 2025 ఏప్రిల్ 21న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం పదేళ్లు నిండిన పిల్లలు సేవింగ్స్ ఖాతా సొంతంగా తెరిచి తామే నడుపుకోవచ్చు. ఎంతవరకు అన్న పరిమితి ఆయా బ్యాంకుల ఇష్టం. చిన్నదానికి సంరక్షకుల ద్వారా తెరవాలి, తల్లిగా నువ్వే ఉండొచ్చు. పోస్టాఫీసులోనూ పదేళ్లు దాటితే సొంత పేరుతో తెరుస్తారు, 500 కడితే చాలు.

బయల్దేరే ముందు ఒక పని చెయ్యి. పుట్టిన సర్టిఫికెట్, ఆధార్, స్కూలు రికార్డు మూడూ పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం సరిచూడు. మన పిల్లలకి ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఒకదాంట్లో పొడి అక్షరమే ఉంటుంది, ఒకదాంట్లో అసలుండదు. ఎక్కువ దరఖాస్తులు ఇక్కడే వెనక్కొస్తాయి. పిల్లాడి ఫోటోలు రెండు, మీ ఆధార్, పాన్ కూడా పట్టుకెళ్లు. కౌంటర్లో మూడు విషయాలు అడుగు: కనీస నిల్వ ఎంత, మెసేజీలకి రుసుము ఉందా, డెబిట్ కార్డుకి ఏడాదికి ఎంత పడుతుంది. కార్డు ఈ ఏడాది వద్దు.

పెద్దాడి చేత వారం రోజులు ఒకే సంతకం పెట్టించి అలవాటు చెయ్యి. పిల్లల సంతకం రోజుకోలా మారుతుంది, తీసేటప్పుడు కలవకపోతే చీటీ తిప్పిపంపుతారు. డబ్బు కట్టే చీటీ వాడే నింపాలి, అంకెల్లోనూ అక్షరాల్లోనూ. రశీదు ముక్క మీద ముద్ర పడిందాకా కౌంటరు దగ్గర్నుంచి కదలొద్దని చెప్పు. రెండు నెలలకోసారి సీసాలోది తీసుకెళ్లి కట్టించు, ఒకసారైనా వాడి చేతే వంద తీయించు. బ్యాంకులో వేసిన డబ్బు మాయమైపోతుందనుకునే పిల్లలు ఆ వంద చేతికొచ్చాకే నమ్ముతారు. పోస్టాఫీసు ఆర్డీ, అంటే నెలనెలా కట్టే పొదుపు, కూడా బావుంటుంది. నెలకి 100 చొప్పున ఐదేళ్లకి 6,000 కడతారు, 6.7 శాతం వడ్డీతో లెక్కిస్తే సుమారు 7,136 వస్తుంది. కట్టడం ఒక నెల తప్పితే వందకి రూపాయి జరిమానా.

చిన్నదానికి పదేళ్లు నిండకముందే ఆడపిల్లల పొదుపు పథకం సుకన్య సమృద్ధిలో ఖాతా తెరవండి. ఏడాదికి కనీసం 250. కానీ అది మీ పొదుపు. దాని పాకెట్ మనీ అందులో వెయ్యకండి, ఏళ్ల తరబడి చేతికి రాని డబ్బుతో పిల్ల ఏమీ నేర్చుకోదు.

మీ డబ్బు పెద్దాడి ఖాతాలోంచి తిప్పొద్దని అల్లుడుగారికి చెప్పు. వడ్డీ ఎలాగూ తల్లిదండ్రుల ఆదాయంలోనే కలుస్తుంది, పాస్‌బుక్ మాత్రం పిల్లాడికి అర్థం కాకుండా పోతుంది. ఖాతాకి నీ ఫోన్ నంబరే ఇవ్వు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని, పిన్ అడిగారంటే డబ్బు పోతుందని ఇద్దరికీ ఇప్పుడే చెప్పు. పొరపాటు జరిగితే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యాలి. వాడు ఆటలాడే ఫోన్‌లో మీ కార్డు దాచి ఉంటే ఈ రాత్రే తీసెయ్యండి.

సంక్రాంతికి అందరూ చేతిలో పెట్టే డబ్బుకి ఇప్పుడే మాట అనుకోండి: పావు వంతు చేతికి, మిగతాది ఖాతాకి. డబ్బు వచ్చాక చెబితే లాక్కున్నట్టుంటుంది.

శుక్రవారమే పది నోట్లు తెచ్చి ఉంచు, శనివారం సాయంత్రం చిల్లర కోసం వెతుక్కోకుండా.

ఇట్లు,
పెదనాన్న